ఇంటిపని ఉద్యోగాల ఆన్‌లైన్ గ్రూపును న్యాయంగా నడపడం ఎలా?

దేశం దాటి ఇంటిపనికి వెళ్లే చాలామందికి కబురు ముందుగా అందేది ఫేస్‌బుక్ పోస్టులోనో, వాట్సాప్ గ్రూపులోనో. మోసం కూడా అక్కడే మొదలవుతుంది. 2019లో బీబీసీ అరబిక్ పరిశోధన కువైట్‌లో యాప్‌లలో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంటిపనివాళ్లను అమ్మకానికి పెట్టిన ప్రకటనలను బయటపెట్టింది. ఇంటిపని ఉద్యోగాల గ్రూపుకు మీరు అడ్మిన్ అయితే, ఏ పోస్టు నిలవాలో తేల్చే అధికారం మీ చేతిలో ఉంది.

1. పోస్టు పని గురించి ఉండాలి, మనిషి గురించి కాదు

ఇలాంటి పోస్టును వెంటనే తీసేయండి: "28 ఏళ్లు, శుభ్రంగా ఉంటుంది, మాట వింటుంది. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, కావాలంటే మీకు బదిలీ చేస్తాను." ఫొటో, దేశం, మతం, ఒంటిరంగు చెప్పి మనుషుల్ని చూపించే పోస్టులదీ అదే దారి. తీసేముందు స్క్రీన్‌షాట్, లింకు, తేదీ భద్రపరచండి. రేపు ఫిర్యాదు చేయాల్సి వస్తే సాక్ష్యం అదొక్కటే.

ఉండాల్సిన పోస్టు ఇలా ఉంటుంది: "ఇంట్లో ముగ్గురం, ఒక పసిబిడ్డ. వంట, బట్టలు, బిడ్డను చూసుకోవడం. ఉదయం 7 నుంచి సాయంత్రం 5 వరకు, మధ్యలో గంట విరామం. వారానికి ఒక రోజు పూర్తి సెలవు. లోపలి నుంచి గడియ పెట్టుకునే సొంత గది. జీతం ఇంత, ప్రతి నెలా 1వ తేదీన ఆమె బ్యాంకు ఖాతాలో. వీసా, టికెట్, వైద్య పరీక్షల ఖర్చు మాదే."

జీతం అంకె తప్పనిసరి చేయండి. "మాట్లాడుకుందాం" అని వదిలేస్తే ఒకే పనికి ఒక దేశంవాళ్లకు ఒక రేటు, ఇంకో దేశంవాళ్లకు ఇంకో రేటు పలుకుతుంది. పోస్టు కోసం యజమానులు నింపే ఫారంలో గళ్లు మాత్రం ఏడెనిమిదికి మించనివ్వకండి. ఎక్కువైతే యజమానులు విసుగెత్తి ఇన్‌బాక్స్‌లోకి పోతారు, అక్కడ ఏ నియమమూ నడవదు.

2. నియమాలను గ్రూపు పైన పిన్ చేయండి

సొంతంగా కనిపెట్టక్కర్లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందంలో ఉన్నవే చాలు: వారానికి కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి, పాస్‌పోర్టు కార్మికురాలి దగ్గరే, సరిహద్దు దాటకముందే రాతపూర్వక ఒప్పందం. నియామక ఖర్చు కార్మికుల మీద పడకూడదని ఆ సంస్థ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. "ముందు మేం పెట్టుకుంటాం, తర్వాత జీతంలో పట్టుకుంటాం" అన్నా అది ఆమె నెత్తిన పడ్డ ఖర్చే. చాలామంది దీన్ని ఔదార్యం అనుకుంటారు, అప్పు ఊబి మొదలయ్యేది ఇక్కడే.

ఇవన్నీ కార్మికుల భాషల్లో, ఒక్కో నియమం అర నిమిషం మించని వాయిస్ మెసేజ్‌గా కూడా పెట్టండి. చదవలేనివాళ్లకూ, డేటా తక్కువున్నవాళ్లకూ అవే చేరతాయి.

3. ఏజెంట్లను వడపోయండి

లైసెన్సు నంబరు అడిగి, ప్రభుత్వ జాబితాలో (భారత్‌లో అయితే విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో) వెతకండి. నంబరు ఒక్కటే కలిస్తే సరిపోదు. వేరే ఏజెన్సీ నంబరును తమదిగా చూపించేవాళ్లున్నారు కాబట్టి పేరు, చిరునామా, ఫోను కూడా కలవాలి. మూడు ఖాతాల్లో ఒకే ఫోన్ నంబరు కనిపించినా, యజమానినని చెప్పుకుంటూ నెలనెలా కొత్త "ఇంటి" కోసం పోస్టు పెట్టినా, అవతల ఉన్నది ఏజెంటేనని అనుమానించండి.

4. ఒప్పందం మార్చేయకుండా కాపాడండి

స్వదేశంలో ఒక కాగితం మీద సంతకం, దిగాక తక్కువ జీతంతో ఇంకో కాగితం. ఇది బాగా తెలిసిన మోసం. అందుకే ప్రయాణానికి ముందే పోస్టు స్క్రీన్‌షాట్, ఒప్పందం ప్రతి పేజీ ఫొటో తన ఈమెయిల్‌కూ, ఇంట్లో ఒకరికీ పంపుకోమని చెప్పండి. ఫోను లాక్కున్నా కాపీ మిగులుతుంది.

5. ఫిర్యాదును గోప్యంగా వినండి

కార్మికులకు స్టార్లు ఇచ్చే పద్ధతి పెట్టకండి. జీతం అడిగినందుకు కక్షతో ఇచ్చిన ఒక్క స్టారు ఆమెకు ఇంకో పని దొరక్కుండా చేస్తుంది. యజమానుల, ఏజెన్సీల గురించే కార్మికులు చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంఘాల సమాఖ్య వాళ్ల మైగ్రెంట్ రిక్రూట్‌మెంట్ అడ్వైజర్ వెబ్‌సైటు కట్టింది ఈ ఆలోచన మీదే.

కష్టం చెప్పుకున్నవాళ్లకు కామెంట్లో జవాబివ్వకండి, యజమాని అదే గ్రూపులో ఉండొచ్చు. "ఇప్పుడు మాట్లాడొచ్చా? ఫోను ఇంకెవరైనా చూస్తారా?" అని ముందు అడగండి. వినండి, తేదీలు రాసుకోండి. ఆమె ఒప్పుకుంటేనే కార్మిక సంఘానికో, రాయబార కార్యాలయానికో, హెల్ప్‌లైన్‌కో చెప్పండి. మీరే ఆ ఇంటికి ఫోన్ చేసి నిలదీస్తే, ఆ కోపం తలుపు మూశాక ఆమె మీదే పడుతుంది.