రిపోర్టులో మాటల్ని తోక పట్టుకుని చదవండి

నెల్లూరు పొగతోటలో పరీక్షలు చేయించుకుని రిపోర్టు చేతికొచ్చాక చాలామంది చేసే పని ఒకటే, డాక్టర్ పిలిచేలోపు అందులోని మాట ఫోన్లో కొట్టి చూసి టెన్షన్ పడటం. దానికంటే ఆ మాటను విడగొట్టి చూడండి, సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

ముందు తోక చూడాలి. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసేయడం, ‘ఈమియా’ ఉంటే రక్తం సంగతి. ‘ఓమా’ అంటే చాలావరకు గడ్డ, అంతమాత్రాన క్యాన్సరనుకుని బెంబేలెత్తకండి, లైపోమా ఉత్తి కొవ్వు గడ్డే. ఇవన్నీ పాత గ్రీకు ముక్కలు. ఇక మాట మొదట్లో ఉండేది అవయవం: హెపటైటిస్‌లో ‘హెపార్’ అంటే కాలేయం, ఆర్థ్రైటిస్‌లో ‘ఆర్థ్రాన్’ అంటే కీలు.

తికమకంతా కిడ్నీ దగ్గరే. గ్రీకులో దాని పేరు నెఫ్రోస్, లాటిన్‌లో రెన్. వైద్యం రెండు భాషల నుంచీ తెచ్చుకుంది కాబట్టి డాక్టర్ బోర్డు మీద నెఫ్రాలజిస్ట్ అని, ల్యాబ్ కాగితం మీద రీనల్ ఫంక్షన్ టెస్ట్ అని ఉంటుంది. ఆ కాగితంలో అందరి కళ్లూ పోయేది క్రియాటినిన్ మీదికే కదా, దాని మూలం ‘క్రియాస్’, అంటే మాంసం. 1832లో షెవ్రేల్ అనే ఫ్రెంచి కెమిస్టు మాంసంలోంచి ఒక పదార్థం తీసి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. మన కండల్లో ఉండే ఆ క్రియాటిన్ విరిగినప్పుడు వచ్చే వ్యర్థమే క్రియాటినిన్, కిడ్నీలు దాన్ని వడగట్టి బయటికి పంపాలి, అది రక్తంలో పేరుకుంటోందంటే వడపోత తగ్గిందేమోనని చూస్తారు.

కనిగిరి వైపు వాళ్లకు, తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు పాడయ్యే ఫ్లోరోసిస్ గురించి చెప్పక్కర్లేదు. అందులో సగం లాటిన్, సగం గ్రీకు. లోహాలు కరిగించేటప్పుడు ఫ్లోర్‌స్పార్ అనే రాయి వేస్తే కరుగు తేలిగ్గా పారుతుంది, అందుకే ‘పారడం’ అనే లాటిన్ మాట దాని పేరులో చేరింది, ఆ రాయి నుంచే ఫ్లోరిన్‌కు పేరొచ్చింది. ‘ఓసిస్’ అంటే ఉన్న స్థితి, గ్రీకు.

అయితే పేరును మరీ నమ్మొద్దు. చనిపోయినవాళ్ల ధమనులు ఖాళీగా కనిపించేసరికి వాటిలో గాలి పోతుందనుకున్నారు పాతకాలం గ్రీకు వైద్యులు, గాలిగొట్టానికి వాడిన మాటలోంచి వచ్చిన ఆర్టరీ అనే పేరు అప్పటిదే.

చివరగా హైపర్, హైపో. మొదటిది మన ‘ఉపరి’కి చుట్టం, అంటే ఎక్కువ. రెండోది తక్కువ. థైరాయిడ్ చీటీలో రాత అర్థం కాకపోతే ఈ రెండిట్లో ఏదో అడిగి మరీ తెలుసుకోండి, ఎందుకంటే ఒకదాని మందు రెండోదానికి వేస్తే జబ్బు ఇంకా ముదురుతుంది.