జలనేతి ఎలా చేయాలి? ముందు తల వంచడం నేర్చుకోండి

జలనేతి అంటే గోరువెచ్చని ఉప్పునీళ్లతో ముక్కు లోపల కడుక్కోవడం. కొమ్ము సన్నగా ఉన్న నేతి చెంబు, అర లీటరు నీళ్లు, ముప్పావు టీస్పూను ఉప్పు. ఇంతే సరంజామా. చెంబు స్టీలుదో పింగాణీదో తీసుకోండి, రాగిది వద్దు. ఉప్పునీళ్లకు చిలుము పడుతుంది. "మా గురువుగారు రాగిదే వాడమన్నారు" అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

నీళ్లు మరగడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం పొయ్యి మీదే ఉంచి, ఆ తర్వాత గోరువెచ్చగా అయ్యేదాకా చల్లార్చాలి. ఆర్వో నీళ్లే కదా అని నేరుగా పోసుకోకండి. తాగే నీళ్లు వేరు, ముక్కులో పోసే నీళ్లు వేరు. ముక్కు పైకప్పు జల్లెడలాంటి పలచని ఎముక. వాసన తెలిపే నరాలు ఆ చిల్లుల్లోంచే మెదడుకు వెళ్తాయి. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ఎక్కేదీ ఆ దారినే. ఈ జబ్బు రావడం చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు బహు కొద్దిమంది.

ఉప్పు కొలిచి వేయండి. లీటరుకు 9 గ్రాములు, అంటే మన ఒంట్లోని ద్రవాలకు దగ్గరగా ఉండే ఉప్పదనం. ఒట్టి నీళ్లయితే లోపలి పొర నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, కళ్లలో నీళ్లు తిరిగేంత మంట. "నేతి చేస్తే మండుతుందండీ" అనేవాళ్లలో సగంమంది ఉప్పు దగ్గర పొదుపు చేసినవాళ్లే.

ఇక అసలు చిక్కు తల వంచడంలో ఉంది. ముక్కు బయటికి పైకి వెళ్తున్నట్టు కనబడుతుంది కాబట్టి లోపలి దారి కూడా కళ్ల వైపు పోతుందనుకుంటారు. అది తప్పు. ముక్కు నేల అంగిలి మీదుగా దాదాపు అడ్డంగా వెనక్కి పోతుంది. నడిమి గోడకు రెండు పక్కలా ఉన్న గదులు వెనకాల, కొండనాలుకకు పైన, ఒకటవుతాయి. ఒక ముక్కులో పోసిన నీళ్లు అక్కడ మలుపు తిరిగి రెండో ముక్కులోంచి రావాలి.

అందుకే వాష్‌బేసిన్ మీదికి నడుము వంచి, తలను పక్కకు తిప్పండి. నుదురు, గడ్డం ఒకే ఎత్తులో ఉండాలి. నీళ్లు గొంతులోకి జారుతుంటే నుదురు ఇంకాస్త దించండి. తల వెనక్కి వాల్చి మందు చుక్కల్లా పోసుకున్నారంటే దగ్గే దగ్గు. పోస్తున్నంతసేపూ నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చాలి. మాట్లాడకూడదు, మింగకూడదు. ఈ వెనక గదిలోనే చెవి గొట్టం తెరుచుకుంటుంది, మింగితే అది విప్పారి నీళ్లు చెవి వైపు పోవచ్చు. మా ఇంట్లో ఒకరు మధ్యలో ఫోన్ ఎత్తి "హలో" అన్నారు. ఆ రోజంతా చెవి దిబ్బడే.

ధార ఒక పక్కన మెల్లగా వస్తే కంగారుపడకండి. పక్క గోడల మీద మూడేసి మడతలుంటాయి. రక్తనాళాలు నిండిన ఆ మడతలే గాలిని వెచ్చబరుస్తాయి. కొన్ని గంటలకోసారి ఒక పక్కవి ఉబ్బి, రెండో పక్కవి తగ్గుతాయి. అది మామూలే. పూర్తిగా మూసుకుపోతే మాత్రం ఆ రోజుకు మానేయండి. బలవంతంగా పోస్తే ఒత్తిడి చెవి మీద పడుతుంది.

సగం చెంబు ఒక పక్క, సగం రెండో పక్క. అయ్యాక ముందుకు వంగి తలను అటూ ఇటూ తిప్పుతూ మెల్లగా చీదండి, రెండు ముక్కులూ తెరిచే ఉంచి. ఒకటి నొక్కి గట్టిగా చీదడం మనవాళ్ల అలవాటు. నీళ్లను చెవిలోకి నెట్టాలంటే దాన్ని మించిన ఉపాయం లేదు.

పాత హఠయోగ గ్రంథాల్లో చెప్పిన నేతి, ముక్కులోకి దారం పోనిచ్చి చేసే సూత్రనేతి. వీడియోలు చూసి దాన్ని ఇంట్లో ప్రయత్నించకండి. నడిమి గోడ ముందు భాగంలో సన్నని రక్తనాళాలు చాలా ఉంటాయి, చిన్న గీతకే కారుతాయి. ముక్కుకో చెవికో ఆపరేషన్ అయినవాళ్లు, తరచూ రక్తం కారేవాళ్లు జలనేతి కూడా డాక్టరును అడిగాకే చేయాలి.

పొద్దున్నే చేయండి. పడుకునే ముందు చేస్తే మడతల్లో మిగిలిన నీళ్లు దిండు మీదికి కారతాయి. చెంబును కాచిన నీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి.