టీవీ సినిమా కంప్యూటర్‌లో రికార్డ్ పెట్టేముందు

తిరుపతిలో మేడమీద డీడీ ఫ్రీ డిష్ ఉన్నవాళ్లకు ఈ జాగ్రత్తలు.

• డిష్ ఆగ్నేయం వైపు ఉందా? ఫ్రీ డిష్ ఛానళ్లు పంపే ఉపగ్రహం జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశంలో. నవంబరు ముసురులో సిగ్నల్ పడిపోతుంది, ఆ రోజు రికార్డింగ్‌ను నమ్ముకోకండి.

• విండోస్‌లో టీవీ రికార్డ్ చేసే మీడియా సెంటర్ విండోస్ 10 నుంచి లేదు. వీడియోలు చూపించే కోడి (Kodi) ఒక్కటే పెడితే రికార్డ్ కాదు, వెనక నెక్స్ట్‌పీవీఆర్ (NextPVR) లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ నడవాలి.

• ఏ కార్యక్రమం ఎప్పుడో చూపించే గైడ్‌లో సినిమా అయిదున్నర గంటలు అటూఇటూగా కనిపిస్తే టైమ్ జోన్ సరిచేయండి.

• అన్నిటికన్నా ముఖ్యం: ప్రకటనలతో సినిమా సాగుతుంది. ముందు 5 నిమిషాలు, చివర 30 నిమిషాలు అదనంగా పెట్టండి. క్లైమాక్స్ లేని సినిమా ఇంట్లో పెద్దవాళ్లకు చూపించడం అన్యాయం.

• ఫ్యాట్32 (FAT32) పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ (NTFS) ఫార్మాట్ వాడండి.

• కంప్యూటర్ దానంతటదే స్లీప్‌లోకి వెళ్లకుండా ఆపండి. యూపీఎస్ తప్పనిసరి.