ఈవ్ ఆన్‌లైన్‌లో 0.5 అంటే సేఫ్ అనుకోకండి

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష గేమ్‌ను కొత్తగా ఆడేవాళ్లకు ఒక మాట. సిస్టమ్ (నక్షత్ర మండలం) పేరు పక్కన కనిపించే సెక్యూరిటీ నంబరు 0.5 నుంచి 1.0 దాకా ఉంటే హైసెక్, అంటే హై సెక్యూరిటీ ప్రాంతం. అక్కడ మీ మీద ఎవరైనా అన్యాయంగా కాల్పులు జరిపితే కాంకార్డ్ పోలీసులు వచ్చి వాడి షిప్‌ను పేల్చేస్తారు. కానీ మీ షిప్ పోయాక వచ్చినా వాళ్ల లెక్కలో డ్యూటీ అయిపోయినట్టే! నంబరు తగ్గేకొద్దీ వాళ్లు రావడం ఆలస్యమవుతుంది. అందుకే గ్యాంకర్లు (ఇతరుల షిప్‌లను పేల్చి సరుకు దోచుకునే ఆటగాళ్లు) ఉయెడామా లాంటి 0.5 సిస్టమ్‌లో కాపు కాస్తారు. చవక షిప్‌లు నాలుగైదు పోగొట్టుకున్నా, మీ సరుకులో మిగిలింది ఏరుకుంటే వాళ్లకు లాభమే.

కాబట్టి ఖరీదైన సరుకంతా ఒకే ట్రిప్పులో వేసుకోవద్దు. ఆటోపైలట్ అసలే వద్దు. అది గేటుకు (పక్క సిస్టమ్‌కు వెళ్లే ద్వారానికి) దూరంగా దిగి, అక్కడి నుంచి నత్తనడకన వెళ్తుంది, టార్గెట్ చేసేవాడికి అంతకంటే ఏం కావాలి? మీరే చేత్తో గేటుకు జంప్ కొట్టండి.

0.4 నుంచి 0.1 వరకు లోసెక్. అక్కడ కాంకార్డ్ రాదు, గేట్ల దగ్గర తుపాకులు మాత్రం ఉంటాయి. 0.0, అంతకంటే తక్కువ (మైనస్) అంటే నల్‌సెక్, అడిగే నాథుడే లేడు. రూట్ సెట్టింగ్‌లో 'సేఫర్' పెట్టుకుంటే దారి వీలైనంత వరకు హైసెక్ గుండానే వేస్తుంది. జంపులు కొన్ని ఎక్కువైనా పర్వాలేదు. అయినా బయల్దేరే ముందు మ్యాప్‌లో గత గంటలో ఎక్కడెక్కడ షిప్‌లు పేలాయో ఓసారి చూసుకోండి.