పిల్లలు పుస్తకం ముట్టడం లేదా? టీచర్ల కోసం సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నలుగురు టీచర్లు కలిస్తే వినబడే మాట: "మన గుంటలు చదవరండీ." బడిలో పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. టైంటేబుల్లో లైబ్రరీ పీరియడూ ఉంది. ఎవరూ చెప్పకుండా, తన సరదా కోసం పుస్తకం చదువుకునే పెద్దమనిషి మాత్రం పిల్లలకు ఎక్కడా కనబడడు. అమ్మానాన్నలు వలస వెళ్లి, నాయనమ్మ దగ్గర పెరిగే పిల్లలకైతే ఆ మనిషి టీచరే అవ్వాలి. కింద రాసిన చిక్కుల్లో చాలావరకు ఈ లోటు నుంచి పుట్టినవే.

సమస్య: లైబ్రరీ పీరియడులో బొమ్మలు తిరగేసి మూసేస్తున్నారు

కారణం: ఆ కాసేపూ మీరేం చేస్తున్నారో గమనించుకోండి. నోటుబుక్కులు దిద్దుతుంటారు, లేదంటే భోజనాల లెక్క ఫోనులో ఎక్కిస్తుంటారు. చదవడమనేది చిన్నవాళ్లకు పెట్టే పని, పెద్దయితే తప్పించుకోవచ్చని పిల్లలకు అర్థమైపోతుంది.

పరిష్కారం: ఓ పదిహేను నిమిషాలు మీరూ కూర్చుని చదవండి. పాఠ్యపుస్తకం వద్దు, మీకు నచ్చిందేదైనా సరే: కథలు, నవల, క్రికెటర్ జీవితం, జీడిమామిడి సాగు మీద పుస్తకం. కాగితం పుస్తకమే పట్టుకోండి. ఫోనులో మీరు ఎంత గొప్ప నవల చదువుతున్నా పిల్లలు వాట్సాప్ అనే అనుకుంటారు, అందులో వాళ్ల తప్పేం లేదు. నవ్వొస్తే నవ్వండి. "ఏటి మాస్టారూ, నవ్వుతున్నారు?" అని ఎవరో ఒకరు అడక్క మానరు. అప్పుడు ఆ నాలుగు వాక్యాలూ చదివి వినిపించి ఆపేయండి. కథంతా చెప్పేస్తే ఇక పుస్తకంతో వాళ్లకేం పని? మొదట్లో గుసగుసలు, కిసకిసలు ఉంటాయి. బల్ల మీద బెత్తంతో కొడితే అదీ ఒక క్లాసైపోతుంది. మీ మానాన మీరు చదువుకుంటూ ఉండండి.

సమస్య: "ఇది పరీక్షలో వస్తాదా మాస్టారూ?"

కారణం: ఈ ప్రశ్న మనం నేర్పిందే. ఏ కథ చదివినా చివర "ఇందులో నీతి ఏమిటి?" అని నిలబెట్టి అడిగాం. పుస్తకం ముగియగానే సారాంశం రాయమన్నాం. ఆ రాత బెంగతో కొందరు అసలు పుస్తకమే తియ్యరు.

పరిష్కారం: లైబ్రరీ పుస్తకం మీద ప్రశ్నలు, మార్కులు, సారాంశాలు పూర్తిగా మానేయండి. బదులుగా మీ సంగతి చెప్పండి. "నిన్న రాత్రి ఈ పుస్తకం మొదలెట్టాను, నలభై పేజీలకే విసుగొచ్చి వదిలేశాను" అన్నా మేలే. నచ్చని పుస్తకం వదిలేయొచ్చని తెలియని పిల్ల, దొరికిన మొదటి విసుగు పుస్తకంతోనే చదవడం మానేస్తుంది.

సమస్య: బీరువాకి తాళం

కారణం భయమే. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరు పట్టుకుని ఎవరైనా అడుగుతారేమోనని. ఈ భయం ఉత్తదని అనను. రిజిస్టరులో ఎక్కినవాటిని ఇద్దరు పిల్లల పెత్తనంలో పెట్టి, పేరు రాయించి ఇవ్వండి. పాత విద్యార్థులో ఊరివాళ్లో ఇచ్చిన పుస్తకాలను మాత్రం క్లాసులోనే తాడు కట్టి వేలాడదీయండి, చిరిగితే చిరగనివ్వండి. కొత్తవి కొనే డబ్బు లేకపోతే స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు.

సమస్య: అసలు టీచరుకే చదివే అలవాటు లేదు

దీన్ని ఎవరూ పైకి ఒప్పుకోరు గానీ, నా లెక్కలో ముందు సరిచేసుకోవాల్సింది ఇదే. కారణం కూడా న్యాయమైనదే. డీఎస్సీ గైడ్లు, బిట్లు నూరి నూరి ఉద్యోగం తెచ్చుకున్నాం. అక్షరం చూస్తే పరీక్షే గుర్తొస్తుంది. పైగా యాప్‌లు, శిక్షణలు, ఎన్నికల డ్యూటీలు.

ముందు నవల జోలికి పోకండి. కథతో మొదలెట్టండి, ఖాళీ పీరియడులో ఒకటి అయిపోతుంది. కథలకైతే మనకు కొదవే లేదు. కథారచయిత కాళీపట్నం రామారావు (కారా మాస్టారు) 1997 ఫిబ్రవరిలో మొదలెట్టిన కథల లైబ్రరీ కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది, అందులోని ఎన్నో కథలు దాని వెబ్‌సైటులోనూ చదువుకోవచ్చు. కారా మాస్టారు విశాఖలో బడిపిల్లలకు చెప్పింది లెక్కలు. చదివించడం తెలుగు మాస్టారి పనని పక్కకు జరిగే మిగతా సబ్జెక్టులవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. లెక్కల మాస్టారి చేతిలో కథల పుస్తకం కనబడితే పిల్లలు ఇంకా ఎక్కువ చూస్తారు.

సమస్య: చదివి వినిపిస్తుంటే ఆవలిస్తున్నారు

కారణం: పాఠం అప్పజెప్పే గొంతు. పరిష్కారం: ముందురోజు ఇంట్లో ఒకసారి పైకి చదువుకోండి, మాటలున్న చోట మన యాసలో పలకండి. సోంపేట ముసలమ్మ మాట్లాడితే సోంపేట ముసలమ్మలాగే ఉండాలి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు, మందస, మెళియాపుట్టి కొండల్లో సవర పిల్లలు ఉంటే, కథలో ఒక మాటను వాళ్ల భాషలో ఏమంటారో వాళ్లనే అడిగి మీరు నేర్చుకోండి. పర్లాకిమిడిలో పంతులుగా ఉండగానే సవర నేర్చుకున్న గిడుగు రామమూర్తి మన జిల్లా మనిషే.

సమస్య: ఆరో తరగతికొచ్చినా కూడబలుక్కోవడమే

ఇక్కడ మీరెంత ఇష్టంగా చదివి చూపించినా చాలదు. ఒత్తులు, గుణింతాలు రాని పిల్లవాడికి పక్కన కూర్చునే నేర్పాలి, రోజూ, విడిగా. అతని చేతికి రెండో తరగతి పుస్తకం ఇచ్చి అందరిలో చిన్నబుచ్చకండి. పెద్ద పిల్లలు చిన్న తరగతులకు చదివి వినిపించే పని పెట్టి, అందులో అతన్నీ వేయండి. అప్పుడు చిన్న పుస్తకం పట్టుకోవడానికి అతనికో సాకు ఉంటుంది.

సమస్య: మాస్టారు బదిలీ అవగానే అంతా ఆగిపోయింది

కారణం: అది ఒక్కరి సరదాగా మిగిలిపోయింది. పరిష్కారం: మీరున్నప్పుడే ఇంకో టీచర్ని కలుపుకోండి. ఆ పావుగంట టైంటేబుల్లో రాయించి హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించండి, వీలైతే ఆయన్నీ ఓ పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చోమనండి. తాడు మీది పుస్తకాల జాబితా, పెత్తనం చేసే పిల్లల పేర్లు కొత్తగా వచ్చేవారికి రాసిపెట్టండి. ఆ పిల్లలు తొమ్మిదో తరగతివాళ్లయితే మంచిది. పదోవాళ్లను స్పెషల్ క్లాసులు ఎత్తుకుపోతాయి.