కెమెరా పాఠాలు – 5: మధుపర్కాల మడతలు

పోయిన పాఠంలో అపర్చర్ (లెన్సు కన్నం సైజు), షట్టర్ (వెలుగు పడనిచ్చే సమయం), ఐఎస్ఓ (ఆ వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) మూడింటినీ కలిపి తిప్పడం నేర్చుకున్నాం. ఒకటి ఒక స్టాప్ (వెలుగు రెట్టింపు) పెంచితే ఇంకొకటి ఒక స్టాప్ (వెలుగు సగం) తగ్గించాలన్న లెక్క ఈపాటికి చేతికి పట్టుబడి ఉండాలి. పడకపోతే ఇంకో రెండు రోజులు దాని మీదే కూర్చోండి, ఈ పాఠం ఎక్కడికీ పోదు.

ఇవాళ్టి ప్రశ్న: అసలు ఎంత వెలుగు కావాలో ఎవరు చెప్పాలి? కెమెరాలో మీటర్ ఉంది, అది చెబుతుంది. దాని మాట నమ్మి నేను దెబ్బతిన్న సంగతి ముందు చెబుతాను.

మా బాబాయి కూతురి పెళ్లి. పగటి ముహూర్తం, ఇంటి ముందు తాటాకు పందిరి. వధూవరులు మధుపర్కాల్లో ఉన్నారు. తెల్లటి నూలు, ఎర్రటి అంచు. వెనకంతా పందిరి చీకటి. తాటాకుల సందులోంచి ఒక ఎండ పట్టీ సరిగ్గా పెళ్లికూతురి భుజం మీదా, ఒడిలోనూ పడుతోంది. నేను తెర మీద ముఖాలు బాగున్నాయో లేదో చూసుకుంటూ నొక్కుకుంటూ పోయాను. తర్వాత ఆల్బమ్ చూసి మా పెద్దమ్మ అంది, "ఏంట్రా ఇది, చీర మీద తెల్లకాగితం అంటించినట్టుంది?" నిజమే. ఎండ పడ్డ చోట నేత లేదు, మడత లేదు, అంచు ఎరుపు కూడా సగం పోయింది. కంప్యూటర్లో ఎంత తగ్గించినా ఆ తెలుపు బూడిద రంగుకు తిరిగిందే తప్ప మడతలు రాలేదు.

ఎందుకు రాలేదో చూద్దాం. బియ్యం తవ్వతో కొలిచి, పైన రాశిని చేత్తో చదును చేసేశారనుకోండి. కాసేపాగి, ఆ రాశి ఎంత ఎత్తు ఉండిందని అడిగితే ఎవరైనా చెప్పగలరా? కెమెరాలో వెలుగును పట్టే సెన్సర్ మీది ప్రతి చుక్కా ఒక తవ్వ. నిండేదాకా లెక్క ఉంటుంది, నిండాక వచ్చినదంతా నేలపాలే. మడత మీద పడ్డ వెలుగు, మడత లోపలి వెలుగు రెండూ తవ్వను దాటిపోతే రెండూ ఒకటే తెలుపు. జేపెగ్‌లో, అంటే కెమెరా తయారుచేసి ఇచ్చే మామూలు ఫోటో ఫైలులో, ఆ అంకె 255, ఆపైన ఇంకేమీ లేదు. నీడలు అలా కాదు. చీకట్లో పడ్డ మడతను పైకి లాగితే గింజ గింజగా వస్తుంది కానీ ఎంతో కొంత వస్తుంది. అందుకే డిజిటల్‌లో ముందు కాపాడుకోవలసింది వెలుతురు వైపు.

ఇక మీటర్ సంగతి. దానికి పెళ్లి తెలియదు, మధుపర్కాలు తెలియవు. తన ముందున్నదంతా మధ్యరకం బూడిద రంగు అనుకుని, ఆ రంగు వచ్చేలా ఎక్స్‌పోజర్ (ఎంత వెలుగు పడాలో) చెబుతుంది. పుస్తకాల్లో దీన్ని 18 శాతం గ్రే అంటారు. కెమెరాలన్నీ కచ్చితంగా ఆ అంకె దగ్గరే ఉండవు, ఆ గొడవ మనకెందుకు. నా ఫ్రేములో ముప్పావు వంతు చీకటి. "అయ్యో, మరీ నల్లగా ఉందే" అనుకుని మీటర్ వెలుగు పెంచింది. ఆ పెంచినదంతా వెళ్లి ఎండ పట్టీ నెత్తిన పడింది.

మాటలు చాలు, మేడ మీదికి వెళ్లండి. పదకొండు గంటల ఎండలో దండెం మీద ఉతికిన తెల్లపంచె ఒకటి, పక్కనే నల్లగొడుగు ఒకటి వేలాడదీయండి. కెమెరా అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునే పద్ధతి) పెట్టి ఐఎస్ఓ 100, అపర్చర్ ఎఫ్/8 చేయండి. మీటరింగ్ స్పాట్‌కు మార్చండి. స్పాట్ అంటే ఫ్రేము మొత్తం కాకుండా చిన్న చుక్కంత చోటును మాత్రమే కొలవడం. చాలా కెమెరాల్లో అది మధ్యలో 1 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. ముందు పంచె మీద, తర్వాత గొడుగు మీద గురిపెట్టి షట్టర్ అంకె చూడండి. నేను చేసినప్పుడు పంచెకు 1/2000, గొడుగుకు 1/100 వచ్చింది. అదే ఎండ, అదే నిమిషం, నాలుగు స్టాపులకు పైగా తేడా! మీటర్ కొలిచేది ఎండను కాదు, వస్తువు మీద పడి వెనక్కి వచ్చిన వెలుగును. ఆ రెండు ఫోటోలూ తీసి చూస్తే పంచే గొడుగూ రెండూ మాసిన బూడిద రంగులోనే ఉంటాయి. మీటర్ తప్పు చేయలేదు, తనకు వచ్చిన పని చేసింది.

ఇప్పుడు అసలు సాధన. పంచె మీదే ఉండండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (మీటర్ చెప్పినదానికంటే వెలుగు పెంచే, తగ్గించే మీట) ఒక్కో మెట్టు పెంచుతూ ఒక్కో ఫోటో తీయండి: 0, ప్లస్ 0.3, 0.7, 1.0, ఇలా ప్లస్ 3 దాకా. పది ఫోటోలు. మధ్యలో మబ్బు అడ్డమొస్తే మళ్లీ మొదటినుంచీ. తర్వాత కెమెరా తెర మీద ప్లేబ్యాక్‌లో హైలైట్ (బాగా వెలుగున్న చోటు) హెచ్చరిక ఆన్ చేసుకుని ఒక్కోటీ చూడండి. వెలుగు పొంగిపోయిన చోట నలుపు–తెలుపుగా మిణుకుతుంది. ప్లస్ 1 దగ్గర పంచె ఇంకా మాసినట్టే ఉంటుంది. ప్లస్ 2 దగ్గర తెలుపు తెలుపులా ఉంటుంది, నేత దారాలు కనిపిస్తాయి, మడత లోపల లేత నీడ ఉంటుంది. నా కెమెరాలో ప్లస్ 2.7 దగ్గర మడత అంచున సన్నగా మిణుకు మొదలైంది, 3 దగ్గర పంచె పంచెంతా మిణికింది. మీ కెమెరాలో మిణుకు మొదలైన అంకెను కాగితం మీద రాసి బ్యాగులో పెట్టుకోండి. ఆ ఒక్క అంకె కోసమే ఈ పాఠమంతా.

దాన్ని వాడడం తేలిక. ఫ్రేములో మీరు పోగొట్టుకోకూడదనుకున్న తెలుపు ఎక్కడుందో వెతకండి. స్పాట్‌తో కొలవండి. మీ అంకె కంటే అరస్టాపో, ముప్పావో తక్కువగా ప్లస్ చేసి, ఆ ఎక్స్‌పోజర్‌ను మాన్యువల్‌లో పెట్టేయండి. ఎండ మారనంతసేపు ముట్టుకోనక్కర్లేదు. ఆ రోజు పందిట్లో నేను చేయవలసింది ఇదే: ఎండ పట్టీ మీద కొలిస్తే 1/2000, ప్లస్ 2 అంటే 1/500. మీటర్ నాచేత తీయించింది మాత్రం 1/160. మిణుకు మొదలయ్యే 1/320 కంటే ఇంకో స్టాప్ ఎక్కువ వెలుగు.

హిస్టోగ్రామ్ గురించి, అంటే ఫోటోలో ఎంత వెలుగున్న చుక్కలు ఎన్నున్నాయో చూపే గ్రాఫ్ గురించి, రెండు మాటలు. ఎడమ చీకటి, కుడి వెలుగు. కుడి గోడకు ఆనుకుని కుప్ప పడిందంటే హైలైట్లు పోయినట్టు. మధ్యలో అందమైన కొండలా ఉండాలని ఎవరో చెబితే నమ్మకండి, తెల్లపంచె ఫోటోకు కుప్ప కుడివైపే ఉండాలి, గోడ తగలకుండా. ఇంకో సంగతి, మీరు రా (సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే ఫైలు) తీస్తున్నా తెర మీది హిస్టోగ్రామ్ మాత్రం కెమెరా లోపల తయారైన జేపెగ్‌దే. పిక్చర్ స్టైల్‌లో (జేపెగ్ ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగ్) కాంట్రాస్ట్ గట్టిగా ఉంటే మిణుకు తొందరగా వస్తుంది. న్యూట్రల్‌లో పెట్టుకుంటే కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఈ తెలుపు లెక్క రంగుల దగ్గర మోసం చేస్తుంది. చాలామంది ఇక్కడే జారిపడతారు. బంతిపూల దండ ఎండలో తీసి చూడండి. మామూలు హిస్టోగ్రామ్ గోడకు దూరంగా ఉంటుంది, మిణుకూ ఉండకపోవచ్చు, అయినా రేకలన్నీ కలిసి నారింజ ముద్ద అయిపోయి ఉంటాయి. కారణం ఏమిటంటే ఎరుపు తవ్వ ఒక్కటే నిండిపోయింది, నీలం తవ్వ అడుగున ఉంది, మూడింటినీ కలిపి సగటు చూసే గ్రాఫ్‌కు అంతా బాగానే కనిపించింది. ఎర్ర పట్టుచీర, కుంకుమ, బతుకమ్మ మీది తంగేడు పూలు, అన్నింటిదీ ఇదే తంతు. తెరను ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్‌కు మార్చుకుని ఎరుపు గీతను విడిగా చూడండి. అది గోడకు తగిలితే ఒకటి రెండు మెట్లు దించండి.

అన్ని హైలైట్లనూ కాపాడాలని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. నగల మీది తళుకు, ఇత్తడి చెంబు మెరుపు, వెలుగుతున్న బల్బు, ఫ్రేములో పడిన సూర్యుడు, ఇవి మిణికితే మిణకనివ్వండి, అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఇబ్బంది వచ్చేది ముఖం నీడలో, బట్ట ఎండలో ఉన్నప్పుడు. ఎండను కాపాడితే ముఖం మూడు స్టాపులు కిందికి పోతుంది. రా ఉంటే కొంత లాగొచ్చు. ఫ్లాష్ కొట్టొచ్చు, కాకపోతే 1/500 దగ్గర మామూలు ఫ్లాష్ కలవదు. సింక్ వేగం, అంటే ఫ్లాష్ కలిసే గరిష్ఠ షట్టర్ వేగం, చాలా కెమెరాల్లో 1/200, 1/250 దగ్గర ఆగిపోతుంది. 1/250 ఉన్నవాళ్లు ఎఫ్/11కు (కన్నం ఒక స్టాప్ చిన్నది) మారితే లెక్క సరిపోతుంది, వెనకటి పాఠం గుర్తుందిగా. అన్నింటికంటే చవకైన మార్గం రెండడుగులు పక్కకు జరగడం. పురోహితుణ్ణి జరగమనలేం, మనం జరగొచ్చు. ఏదీ కుదరకపోతే నేనైతే భుజం మీది మడతను వదిలేసి ముఖాన్ని ఉంచుకుంటాను. పెద్దమ్మ ఏమన్నా సరే.

కెమెరాలే ఈ పని చేసే పద్ధతులూ ఉన్నాయి. నికాన్ 2014లో డి810తో హైలైట్లు పోకుండా కొలిచే హైలైట్ వెయిటెడ్ మీటరింగ్ తెచ్చింది. సోనీ కెమెరాల్లో వెలుగు పొంగే చోటును జీబ్రా చారలు ఫోటో నొక్కకముందే చూపిస్తాయి. కానన్‌లో హైలైట్లను కాపాడే హైలైట్ టోన్ ప్రయారిటీ ఉంటుంది, అది పెడితే ఐఎస్ఓ 100 దొరకదు. ఉంటే వాడుకోండి, కానీ మీ అంకె తెలిశాకే. లేకపోతే అవి చేసేది మేలో కీడో మీకు తెలియదు.

వచ్చే పాఠం ఫ్లాష్. ఈలోపు ఇంటిపని: పైన చెప్పిన పది ఫోటోలూ మేడ మీద ఒకసారి, సాయంత్రం గదిలో కిటికీ వెలుగులో ఒకసారి తీయండి. షట్టర్ అంకెలు ఎంత మారినా, మిణుకు మొదలయ్యే అంకె రెండుచోట్లా దాదాపు ఒకటే రావాలి. రాకపోతే స్పాట్ చుక్క పంచె దాటి గోడ మీదికి జారిందేమో చూసుకోండి. తర్వాత ఎరుపు గీత కోసం బంతిపూలు తీయండి. పూలు దొరక్కపోతే ఎండలో పెట్టిన పసుపు గిన్నె చాలు.