కాలిఫోర్నియాలో వాటర్ హీటర్ మార్పిస్తున్నారా?

కాలిఫోర్నియాలో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఒక మాట. పాత వాటర్ హీటర్ తీసేసి అదే చోట కొత్తది పెట్టించినా సిటీ లేదా కౌంటీ పర్మిట్ ఉండాలి. "పర్మిట్ ఎందుకండీ, డబ్బు దండగ" అనే మనిషికి పని ఇవ్వకండి. లైసెన్స్ నంబర్ అడిగి, రాష్ట్ర కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు సైట్‌లో చూసుకోండి. ప్లంబర్‌కైతే లైసెన్స్ రకం సీ-36 అని ఉంటుంది. అడ్వాన్స్ మొత్తం ధరలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే అడగాలి.

పర్మిట్ ఉంది కాబట్టి పని చూడటానికి మా గరాజ్‌కు వచ్చిన ఇన్‌స్పెక్టర్ ముందు చూసింది భూకంపం పట్టీలనే, అంటే ట్యాంకు పడిపోకుండా గోడకు బిగించే పట్టీలు. పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. మాకు కిందిది వదులుగా ఉంది, చేత్తో నెడితే ట్యాంకు కదిలింది. ఆయన రాకపోతే అది మా కంట పడేదే కాదు. ఇన్‌స్పెక్షన్ పాసయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.